కప్ప కంటే ముందు గాజుపెట్టె కొనండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. డాలస్ దగ్గర అపార్ట్‌మెంట్, బాబుకి తొమ్మిదేళ్లు, వచ్చే పుట్టినరోజుకి కప్ప కావాలని మూడు నెలలుగా పట్టుబట్టి కూర్చున్నాడు. షాపుకి వెళ్లి పాక్‌మాన్ కప్పని, ఎర్రకళ్ల చెట్టుకప్పని, ఫైర్ బెల్లీడ్ టోడ్‌ని చూసి వచ్చారు. పార్కింగ్ దగ్గర లైటు కింద రోజూ ఒక కప్ప కూర్చుంటుంది కదా, దాన్నే తెచ్చుకుంటే పోలేదా అని మీవారు అంటున్నారు. ఇంట్లో మాంసం వండరు, పురుగులంటే మీకు ఒళ్లు జలదరిస్తుంది, డిసెంబర్‌లో నాలుగు వారాలు విజయవాడ ప్రయాణం ఉంది, 300 డాలర్లలోపు అయిపోవాలి. వీటన్నిటి మధ్య ఏ కప్ప మంచిదని అడిగారు.

నేను పదమూడేళ్లుగా ఈ చుట్టుపక్కలే ఉంటూ కప్పల్ని పెంచుతున్నాను. ఇప్పుడు ఇంట్లో రెండు వైట్స్ ట్రీ ఫ్రాగ్స్, ఒక పాక్‌మాన్ ఉన్నాయి. మీ ఇంటికి వైట్స్ ట్రీ ఫ్రాగ్ సరిపోతుంది. ఒక్కటి చాలు, అదీ అడవిలో పట్టింది కాకుండా మనుషుల దగ్గర గుడ్డు నుంచి పెరిగినదై ఉండాలి. ఎందుకో చెప్పే ముందు కప్ప తోలు గురించి చెప్పాలి. అది అర్థమైతే మిగతా జాగ్రత్తలు చాలావరకు మీకే తడతాయి.

కప్ప మనలాగా నోటితో నీళ్లు తాగదు. పొట్ట అడుగున, తొడల లోపలివైపు పల్చటి తోలు ఉంటుంది. తడిగా ఉన్నచోట దాన్ని ఆనించి కూర్చుంటే చాలు, నీళ్లు లోపలికి వెళ్లిపోతాయి. ఊపిరితిత్తులు ఉన్నా, గాలిలో కొంత భాగం కూడా తోలుతోనే పీలుస్తుంది. అంటే తోలుకి ఏది తగిలితే అది దాదాపు నేరుగా రక్తంలోకి వెళ్తుంది. మన చేతికున్న ఉప్పు, సబ్బు, లోషన్, శానిటైజర్ అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. మన ఇళ్లలో ఇంకో నాలుగు ఉంటాయి: అగరుబత్తి, సాంబ్రాణి, దోమల మందు, పోపు పొగ. అందుకే పెట్టెని పూజగదికీ వంటింటికీ దూరంగా పెట్టమంటాను. మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్న రోజు పెట్టెని పైన పడగ్గదిలోకి మార్చి, తలుపు కింద తువ్వాలు అడ్డం పెడతాం.

ఈ తోలు సంగతి నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. మొదటి ఏడాది ఒక చిన్న ఆకుపచ్చ చెట్టుకప్పని తెచ్చాను. చిన్నప్పుడు చేపల తొట్టి ఉండేది కాబట్టి, కుళాయి నీళ్లు ఒక రాత్రి బకెట్‌లో ఉంచితే క్లోరిన్ పోతుందని తెలుసు, అలాగే చేశాను. మూడో వారానికి కప్ప కుదురుగా కూర్చోవడం మానేసింది. పగలంతా గాజు మీద పైకీ కిందికీ పాకేది. తర్వాత తొడల లోపలివైపు గులాబి రంగు, ఆ మర్నాటికి ఎరుపు. డాక్టర్ మొట్టమొదట అడిగిన మాట "ఏ నీళ్లు పోస్తున్నారు?" టెక్సస్‌లో చాలా ఊళ్ల నీళ్లలో ఉండేది ఉత్త క్లోరిన్ కాదు, అమ్మోనియా కలిసిన క్లోరమిన్. బకెట్‌లో ఎన్ని రోజులు ఉంచినా అది మామూలు క్లోరిన్‌లా ఎగిరిపోదు. ఆ కప్ప రెండు రోజుల తర్వాత పోయింది. అరచేతిలో సగం కూడా లేని ప్రాణి, నా అజ్ఞానం వల్ల పోయింది. అప్పటి నుంచి సీకెమ్ ప్రైమ్‌లాంటి, క్లోరమిన్‌ని కూడా విరిచే మందు చుక్కలు వేయకుండా ఒక్క గిన్నె నీళ్లు కూడా పెట్టలేదు. మీరు కొనే సీసా మీద క్లోరమిన్ అనే మాట ఉందో లేదో చూసి తీసుకోండి.

ఇక పార్కింగ్ దగ్గరి కప్ప. అది బహుశా గల్ఫ్ కోస్ట్ టోడ్ అయి ఉంటుంది. ఒంటినిండా పొక్కులు, నడుముకి రెండువైపులా నల్లటి చార, రాత్రి లైటు కింద పురుగుల కోసం కాపు. తెలుగులో మనకి ఫ్రాగ్ అయినా టోడ్ అయినా కప్పే, అందుకని మీవారికి రెండూ ఒకటే అనిపించి ఉంటుంది. దయచేసి దాన్ని అక్కడే ఉండనివ్వండి. బయట పెరిగిన కప్ప కడుపులో నులిపురుగులుంటాయి, పెట్టెలో పెడితే బెదిరిపోయి తిండి మానేస్తుంది, గాజుకి ముక్కు కొట్టుకుని పుండు చేసుకుంటుంది. పైగా ఇదే రాష్ట్రంలో హ్యూస్టన్ టోడ్ అని ఒకటి ఉంది, 1970 నుంచి అంతరించిపోతున్న జాతుల జాబితాలో ఉంది. లాంతరు వెలుగులో దానికీ మామూలు టోడ్‌కీ తేడా చెప్పడం అలవాటు లేని కంటికి కష్టం. మీ బాబుకి ఆ కప్ప అంటే ఇష్టమైతే రాత్రి భోజనం అయ్యాక పది నిమిషాలు కిందికి తీసుకెళ్లండి. ఏ రోజు వచ్చింది, వాన పడిన రోజు ఎన్ని వచ్చాయి అని నోటుబుక్కులో రాయించండి. పెట్టెలో కప్ప వచ్చేదాకా ఆ పని చేస్తే, వాడి ఆసక్తి ఎన్నాళ్లుంటుందో మీకూ తెలుస్తుంది.

షాపులో మీరు చూసిన మూడింటి గురించి.

పాక్‌మాన్ దక్షిణ అమెరికాది, అర్జెంటీనా, పరాగ్వే ప్రాంతాల నుంచి. చూడటానికి గుండ్రంగా ముద్దుగా ఉంటుంది, నోరే సగం ఒళ్లు. కొన్నప్పుడు నాణెమంత ఉండేది ఏడాదిలో అరచేయి నిండుతుంది. సంరక్షణ నిజంగా సులువు. పదిహేను, ఇరవై గ్యాలన్ల ట్యాంక్, తడి కొబ్బరిపొట్టు, వారానికి ఒకటి రెండుసార్లు తిండి. కానీ అది పొట్టులో కూరుకుని కళ్లు మాత్రం పైకి పెట్టి రోజులకి రోజులు అలాగే ఉంటుంది. కదిలిందల్లా తిండే దానికి, వేలు కూడా. పై దవడలో పళ్లుంటాయి, కింది దవడలో పళ్లలాంటి మొనలు రెండుంటాయి. కరిస్తే రక్తం వస్తుంది, పట్టు వదలదు. నాకు దాని మీద చాలా ప్రేమ, కానీ తొమ్మిదేళ్ల పిల్లవాడు రెండు వారాలు చూసి "అమ్మా ఇది కదలదేంటి" అంటాడు.

ఎర్రకళ్ల చెట్టుకప్ప అందం వేరే చెప్పక్కర్లేదు. మధ్య అమెరికా వానఅడవులది. సున్నితం. తేమ కాస్త తగ్గినా, గాలి ఆడకపోయినా జబ్బు పడుతుంది, చేత్తో పట్టుకోవడం దానికి అస్సలు పడదు, పగలంతా కళ్లు మూసుకుని ఆకుకి అతుక్కుని ఉంటుంది. మొదటి కప్పగా వద్దు.

ఫైర్ బెల్లీడ్ టోడ్ మీద నాకు మంచి అభిప్రాయమే. కొరియా, ఈశాన్య చైనా వైపుది. రెండంగుళాల లోపే, పగలు తిరుగుతుంది, నీళ్లలో ఈదుతుంది, పిల్లలకి చూడటానికి బాగుంటుంది. దాని చిక్కు వేడి. 65 నుంచి 75 ఫారన్‌హీట్ డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది, 80 దాటితే నలిగిపోతుంది. జులైలో మీరిద్దరూ ఆఫీసుకి వెళ్లినప్పుడు ఏసీ ఎంతలో పెట్టి వెళ్తారు? ఒక మధ్యాహ్నం అది ఆగిపోతే? పైగా దాని తోలు నుంచి వచ్చే పాలలాంటి విషం కంట్లో పడితే బాగా మండుతుంది. చల్లటి ఊరిలో ఉన్నవాళ్లు అడిగితే దీన్నే చెప్పేవాణ్ని.

వైట్స్ ట్రీ ఫ్రాగ్ ఆస్ట్రేలియా, న్యూగినీలది. 1788లో ఆస్ట్రేలియా చేరిన మొదటి ఓడల దండుతో వెళ్లిన జాన్ వైట్ అనే సర్జన్ 1790లో దీని గురించి రాశాడు, ఆయన పేరే దీనికి మిగిలింది. శాస్త్రీయనామంలో సెరూలియా అంటే నీలం. కప్పేమో పచ్చన. సారాయిలో భద్రపరిచిన నమూనా రంగు మారి నీలంగా కనిపించడం వల్ల ఆ పేరు పడింది. దీని తోలు మీద మైనంలాంటి పూత ఉంటుంది, అందుకే మిగతా చెట్టుకప్పల కంటే పొడిగాలిని బాగా తట్టుకుంటుంది. చలికాలం హీటర్ ఆన్ చేసి ఇల్లంతా ఎండగొట్టే మన అపార్ట్‌మెంట్లకి ఇది పెద్ద వరం. మూడు నాలుగు అంగుళాలు పెరుగుతుంది, మనుషులకి త్వరగా అలవాటు పడుతుంది. రెండు సంగతులు ముందే చెప్పాలి. మగదైతే రాత్రిళ్లు అరుస్తుంది, నీళ్లు చిలకరించినప్పుడూ వాక్యూమ్ క్లీనర్ శబ్దానికీ కూడా జవాబిస్తుంది. చిన్నప్పుడు మగో ఆడో చెప్పలేం. ఇక రెండోది ఆయుష్షు. బాగా చూసుకుంటే పదిహేనేళ్లు, ఇంకా పైన కూడా బతుకుతుంది. మీ బాబు కాలేజీకి వెళ్లి చదువు పూర్తిచేసే నాటికి కూడా అది మీ హాల్లోనే ఉంటుంది. అంటే ఈ కప్ప వాడిది కాదు, మీ ఇద్దరిది. దానికి ఒప్పుకుంటేనే ముందుకు వెళ్లండి.

ఇప్పుడు పెట్టె. ముందువైపు తలుపులు తెరుచుకునే గాజు టెర్రేరియం, 18 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 24 ఎత్తు. ఎక్సో టెర్రా, జూ మెడ్ కంపెనీలు రెండిట్లోనూ ఈ సైజు దొరుకుతుంది. చెట్టుకప్పకి ఎత్తు ముఖ్యం. 300 డాలర్లలో కప్ప కూడా రావాలంటే కష్టం. కొత్తవే కొంటే పెట్టె, లైటు, హీటర్, థర్మోస్టాట్ కలిపి నాకు ఎప్పుడూ ఆ పైనే అయింది. వాడిన పెట్టె దొరికితే తీసుకోండి, తప్పేం లేదు. పది పాళ్ల నీళ్లకి ఒక పాలు బ్లీచ్ కలిపి కడిగి, వాసన పూర్తిగా పోయేదాకా మళ్లీ మళ్లీ కడిగి, నాలుగు రోజులు ఎండలో పెట్టండి. తగ్గించాల్సింది అక్కడే. థర్మోస్టాట్ దగ్గర మాత్రం పొదుపు చేయొద్దు.

అడుగున రెండు మూడంగుళాలు కొబ్బరిపొట్టు వేయండి, ఎరువు కలపని రకం. గులకరాళ్లు, ఇసుక, చెక్కపెచ్చులు వద్దు, పురుగుతో పాటు నోట్లోకి వెళ్లి పేగులో అడ్డం పడతాయి. ఎక్కడానికి లావుపాటి బెరడు కొమ్మలు రెండు, ఒకటి ఏటవాలుగా, ఒకటి అడ్డంగా. మొక్క కోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, మన తెలుగువాళ్ల ఇంట్లో మనీ ప్లాంట్ లేని ఇల్లు ఉండదు. ఒక తీగ తుంచి, ఆకుల్ని బాగా కడిగి, పాత మట్టి వేర్లకి లేకుండా దులిపి పొట్టులో పెట్టండి. నర్సరీ మట్టిలో తెల్లగా ఉండే పెర్లైట్ గింజలు, ఎరువు గుళికలు ఉంటాయి, అవి కప్పకి పనికిరావు. ఈ కప్పలు బరువుకి తీగని నేలకి వంచేస్తాయి, పోతే ఇంకో కొమ్మ.

వేడి విషయంలో చాలామంది పొరబడతారు. పగలు పైభాగంలో ఒక మూల 82, 84 డిగ్రీలు, కింది భాగం 75 చుట్టూ ఉండాలి. రాత్రి 68, 70కి దిగినా ఇబ్బంది లేదు. బల్బు ఎప్పుడూ జాలీ బయట, పైన ఉండాలి. లోపల పెడితే చెట్టుకప్ప వెళ్లి దానికే అతుక్కుంటుంది, కాలిపోతున్నా తొందరగా వదలదు. వేడి రాళ్లు అసలే వద్దు. గోడకి అంటించే గుండ్రటి సూది థర్మామీటర్లని నమ్మకండి, డిజిటల్‌వి రెండు కొనండి, పైన ఒకటి, కింద ఒకటి. తేమ 50 నుంచి 70 శాతం మధ్య. సాయంత్రం చిలకరిస్తే మర్నాడు మధ్యాహ్నానికి ఆకులు ఆరిపోవాలి. కప్ప కదా అని రోజంతా తడిపితే తోలుకి బ్యాక్టీరియా పడుతుంది. తక్కువ తేమతో పోయిన వైట్స్ కప్పల కంటే ఆరని తడితో జబ్బుపడిన వాటినే నేను ఎక్కువ చూశాను. పగటి వెలుగు కోసం తక్కువ శక్తి యూవీబీ (అతినీలలోహిత కిరణాల) ట్యూబ్ ఒకటి పన్నెండు గంటలు వెలిగిస్తే ఎముకలకి మంచిది. నీళ్లగిన్నె వెడల్పుగా, కప్ప కూర్చుంటే భుజం దాటని లోతులో ఉండాలి. రోజూ మార్చాలి, ఎందుకంటే అది తాగేదీ అందులోనే, మలవిసర్జన చేసేదీ అందులోనే.

పిల్ల కప్ప దొరికితే నేరుగా ఈ పెద్ద పెట్టెలో వేయకండి. మొదటి నెలన్నర, రెండు నెలలు చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, తడిపిన పేపర్ టవల్ మీద ఉంచండి. తిందా లేదా, మలం ఎలా ఉంది అన్నది కళ్లకి కనిపిస్తుంది. ఆ మలం కొంచెం తీసుకెళ్లి డాక్టర్‌తో పరీక్ష చేయించవచ్చు.

తిండి గురించి మీరు ఒక్క వాక్యంలో రాశారు, నాకు మాత్రం మీ ఇంట్లో అసలు ప్రశ్న ఇదే అనిపించింది. కప్ప శాకాహారం తినదు, నేర్పినా తినదు. దాని కంటికి కదిలేదే తిండి. బతికున్న కీచురాళ్లు, డూబియా బొద్దింకలు, అప్పుడప్పుడు సిల్క్‌వర్మ్స్. అవి మీ ఇంట్లో ఒక డబ్బాలో ఉంటాయి, వాటికీ తిండి పెట్టాలి. మా అమ్మ తెనాలి నుంచి ఆరు నెలలు ఉండటానికి వచ్చినప్పుడు, నేను కీచురాయిని లోపల వదలడం చూసి ఆ పూట అన్నం తినలేదు. "చేజేతులా వేస్తావేరా" అంది. నేను చెప్పగలిగింది ఒకటే: ఈ కప్ప మనుషుల దగ్గరే గుడ్డు నుంచి పెరిగింది, దీనికి వేరే దారి లేదు. అమ్మకి అది పూర్తిగా నచ్చలేదు. తిండిపెట్టే వేళకి మాత్రం గదిలోంచి వెళ్లిపోయేది, నీళ్లగిన్నె మార్చే పని తానే తీసుకుంది. మీ ఇంట్లో ఎవరికైనా మనసు ఒప్పకపోతే వాళ్లని తప్పుపట్టకండి, కప్పని కూడా తేకండి. ఇంట్లోవాళ్లకి కిట్టని తిండి రెండు నెలలకి వాయిదాలు పడుతుంది, ఆకలికి మాడేది కప్ప.

ఒప్పుకుంటే, డూబియాతో మొదలుపెట్టండి. అరవవు, వాసన రాదు, నున్నటి ప్లాస్టిక్ ఎక్కలేవు, మీ భయానికి అవే నయం. పురుగు పొడవు కప్ప రెండు కళ్ల మధ్య దూరం దాటకూడదు. వేసే ముందు ఒక రోజు వాటికి క్యారెట్, చిలగడదుంప, కొలార్డ్ ఆకు పెట్టండి. పాలకూర వద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియంని పట్టేస్తాయి. తర్వాత జిప్‌లాక్ కవర్‌లో డీ3 కలిసిన కాల్షియం పొడి చిటికెడు వేసి, పురుగుల్ని అందులో వేసి, ముగ్గుపిండి అంటినట్టు తెల్లబడేలా ఒకసారి ఊపి వెంటనే వదలండి. పిల్ల కప్పకి రోజు విడిచి రోజు, ప్రతిసారీ పొడితో. పెద్దదయ్యాక వారానికి రెండుసార్లు, అయిదారు పురుగులు, ఒకసారి పొడి ఒకసారి లేకుండా. విటమిన్ ఏ ఉన్న మల్టీవిటమిన్ వారానికి ఒకసారి. విటమిన్ ఏ లోపిస్తే నాలుక జిగురు తగ్గి పురుగు అంటుకోదు, గురి చూసి కొడుతుంది, దొరకదు, చూడటానికే బాధగా ఉంటుంది.

ఈ కప్పకి ఎంత పెట్టినా తింటుంది. కంటిపైన ఉన్న మడత ఉబ్బి కన్ను మీదికి జారుతోందంటే ఒళ్లు చేసిందని అర్థం. ఆ మడత అసలు కనపడకపోతే తిండి చాలట్లేదు.

మీ బాబుకి చూపించమని చెప్తున్నాను, పురుగు నోట్లోకి వెళ్లాక కప్ప కళ్లు చూడమనండి. మింగేటప్పుడు రెండు కళ్లూ లోపలికి దిగిపోతాయి. ఆ కనుగుడ్లే వెనక నుంచి తోసి తిండిని గొంతులోకి పంపడానికి సాయపడతాయి. ఇంకోటి, చూడటం అదృష్టం, రాత్రి పదకొండుకి చీకట్లో ఎర్రలైటు వేసి చూసేవాణ్ని. కప్ప వీపు గూనిలా వంచి, ఆవలించినట్టు నోరు తెరిచి మూస్తూ ఉంటుంది. పది నిమిషాలు అలా చేశాక మూతి అంచున తడి గుడ్డలాంటి పల్చటి పొర కనిపిస్తుంది. ముందుకాళ్లతో తలమీంచి బిగుతు బనీను విప్పినట్టు ఆ పొరని లాగి, నోట్లోకే తోసుకుని మింగేస్తుంది. పాత తోలు తినేసి, కొత్త తోలుతో కడిగిన ఆకులా మెరుస్తూ కూర్చుంటుంది. తెలియనివాళ్లు మూర్ఛ అనుకుని టెన్షన్ పడి ఫోన్లు చేస్తారు. మామూలే అది. పొర ముక్కలు ముక్కలుగా ఒంటికే అంటుకుని ఉండిపోతే మాత్రం మామూలు కాదు.

చేత్తో పట్టుకోవడం గురించి బాబుకి ముందే చెప్పండి: ఇది చూసే ప్రాణి, ఎత్తుకునే ప్రాణి కాదు. వైట్స్ కప్ప ఓర్చుకుంటుంది కాబట్టి పెట్టె శుభ్రం చేసేటప్పుడు తీయాల్సి వస్తే పొడిలేని నైట్రైల్ గ్లోవ్స్‌ని మందు వేసిన నీళ్లతో తడిపి తీయండి. పని అయ్యాక అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 2009 నుంచి 2011 వరకు అమెరికాలో పెంపుడు మరుగుజ్జు నీటికప్పల నుంచి సాల్మొనెల్లా 42 రాష్ట్రాల్లో 241 మందికి సోకిందని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క, వాళ్లలో ఎక్కువమంది పిల్లలే. అయిదేళ్లలోపు పిల్లలు కప్పల్ని ముట్టుకోకూడదని సీడీసీ చెప్తుంది. నీళ్లగిన్నె, కొమ్మలు వంటింటి సింకులో కడగొద్దు, దానికి వేరే బకెట్, వేరే బ్రష్ పెట్టుకోండి.

కొనేటప్పుడు షాపులో పగటిపూట వెళ్లండి. మంచి కప్ప ఆ వేళలో కాళ్లన్నీ కిందికి మడిచి, కళ్లు చీలికల్లా చేసి, ముద్దలా నిద్రపోతుంది. వెన్నెముక, తుంటి ఎముక పైకి కనిపించకూడదు, మూతి మీద గీతలు ఉండకూడదు, పొట్ట అడుగు తెల్లగా ఉండాలి, ఎర్రగా కాదు. అదే పెట్టెలో ఒక్క కప్ప నీరసంగా ఉన్నా మిగతావాటిని కూడా వదిలేయండి. "మా ముందు ఒకసారి తినిపించి చూపిస్తారా" అని అడగండి, అడగడానికి మొహమాటపడొద్దు. ఎవరి దగ్గర పెరిగిందో చెప్పలేని షాపు కంటే, రెప్టైల్ షోలకి వచ్చే పెంపకందారులు నయం. రంగు గోధుమగా ఉందని మాత్రం కంగారుపడకండి, చలికీ బెదురుకీ ఇవి రంగు మారుస్తాయి.

తెచ్చాక జబ్బు గుర్తులు: పగలంతా మెలకువ, రోజుల తరబడి నీళ్లగిన్నెలోనే మకాం, కాళ్ల లోపలివైపు ఎరుపు, ఒళ్లు నీరు పట్టినట్టు ఉబ్బడం, రెండు వారాలు తిండి ముట్టకపోవడం. వీటిలో ఏది కనిపించినా ఇంటర్నెట్‌లో వెతుకుతూ కూర్చోకండి. కుక్కల డాక్టర్లందరూ కప్పల్ని చూడరు, రెప్టైల్, ఉభయచరాల పశువైద్యుల సంఘం ఏఆర్ఏవీ వాళ్ల జాబితాలో మీ దగ్గరివారి పేరు కప్ప రాకముందే రాసి ఫ్రిజ్ మీద అంటించండి. తోలుకి పట్టే కైట్రిడ్ అనే శిలీంధ్రం ఒకటుంది. 2019లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం ప్రపంచంలో 501 ఉభయచర జాతులు దానివల్ల తగ్గిపోయాయి, వాటిలో 90 అంతరించిపోయినట్టే. వేళకి తీసుకెళ్తే మందుతో పెంపుడు కప్పకి నయమవుతుంది. కానీ మన పెట్టెలోని నీళ్లు మొక్కల్లోనో కాలవలోనో పారబోస్తే, పార్కింగ్ దగ్గరి మీ కప్పకి అది అంటగలదు. మురుగునీళ్లు టాయిలెట్‌లోనే పోయండి. ఎప్పుడైనా కప్పని ఉంచుకోలేని పరిస్థితి వస్తే ఇంకో పెంపకందారుకి ఇవ్వండి, బయట వదలకండి. అదే కారణంగా రెండు జాతుల్ని ఒకే పెట్టెలో కలపొద్దు.

విజయవాడ ప్రయాణం. పెద్ద కప్ప వారం రోజులు తిండి లేకున్నా తట్టుకుంటుంది, నీళ్లు లేకుండా తట్టుకోదు. నాలుగు వారాలకి మనిషి కావాలి. నేను మా వీధిలో ఒక కాలేజీ అమ్మాయికి డబ్బిచ్చి రోజు విడిచి రోజు రమ్మంటాను. వెళ్లేముందు రెండుసార్లు నా ఎదురుగా ఆమెతో చేయిస్తాను. ఒక్కో తడవకి వేయాల్సిన కాల్షియం చిన్న పొట్లాలు కట్టి తేదీలు రాసి పెడతాను, మందు వేసిన నీళ్లు సీసాల్లో నింపి ఉంచుతాను, చిలకరింపు టైమర్‌కి వదిలేస్తాను. థర్మోస్టాట్ అంకె రోజు విడిచి రోజు ఫొటో తీసి పంపాలి, అదొక్కటే షరతు. "ఫ్రెండ్స్ ఎవరో ఒకరు చూస్తారులే" అనుకుంటే డిసెంబర్‌లో మన ఫ్రెండ్స్ అందరూ ఇండియాలోనే ఉంటారు. మనిషి కుదరకపోతే ప్రయాణం అయ్యాక, జనవరిలోనే కప్పని తీసుకోండి. పుట్టినరోజుకి ఖాళీ పెట్టె ఇవ్వండి.

ఇది చదివి హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో అడగబోయేవాళ్లకి రెండు మాటలు. బాత్‌రూమ్ గోడ మీద వాలే చెట్టుకప్పనీ, పెరట్లో గోదురు కప్పనీ పెట్టెలో పెట్టకండి, వన్యప్రాణి చట్టం వర్తించవచ్చు. ఎర్రకళ్ల కప్ప, డార్ట్ కప్పల్లాంటి, వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం జాబితాలో ఉన్నవాటిని ఉంచుకోవాలంటే 2024 నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వపు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. మే నెలలో 44 సెల్సియస్ డిగ్రీలప్పుడు కరెంటు పోతే ఏ విదేశీ కప్పా ఆ పూట గట్టెక్కడం కష్టం. పెరట్లో నీడన ఒక మట్టి గోలెం నేలమట్టానికి పాతి, బయటికి ఎక్కడానికి రాళ్లు పేర్చి, పక్కన నాలుగు పెంకులు పెట్టి చూడండి, వానలకి అవే వస్తాయి.

మీ విషయానికొస్తే, ఈ వారం పెట్టె కొనండి. పొట్టు, కొమ్మలు, మనీ ప్లాంట్ అమర్చి, లైటు, హీటర్ వేసి, కప్ప లేకుండా రెండు వారాలు నడపండి. పొద్దున ఏడుకి, మధ్యాహ్నం మూడుకి, రాత్రి పదికి పైన ఎంత, కింద ఎంత, తేమ ఎంత అని బాబుతో రాయించండి. నీళ్లగిన్నె కూడా రోజూ వాడిచేతే మార్పించండి. రెండు వారాల తర్వాత ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపండి, ఎక్కడ సరిచేయాలో చూసి చెప్తాను. అప్పుడు కప్ప కోసం బయల్దేరదాం.